రెండు పంపుల గాలి

పంపు తుపాకి అంటే ఎగ్జిబిషన్‌లో బెలూన్లు కొట్టించేవాళ్ల దగ్గర ఉండే రకం అనుకుంటారు చాలామంది. కాదు. ఆ రకాన్ని మధ్యకు విరిచి మూస్తే చాలు, దెబ్బకు సిద్ధం. పంపు తుపాకికి గొట్టం కింద ఒక చెక్క పిడి ఉంటుంది. దాన్ని కిందికి లాగి మళ్లీ పైకి నొక్కాలి. అది ఒక పంపు. సైకిల్‌కు గాలి కొట్టినట్టే, పంపు పంపుకూ లోపల గాలి బిగుస్తుంది. ఎనిమిది పంపులకు ఒక్క ఛర్రా, అంటే చిన్న సీసపు గుండు, వదలొచ్చు. ఇంకో ఛర్రా కావాలంటే ఇంకో ఎనిమిది. ఇంత చాకిరీ చేసి ఒక అట్టముక్కకు చిల్లు పెట్టేవాడికి మతి ఉన్నట్టా లేనట్టా అని మా బామ్మర్ది నన్ను చాలాసార్లు అడిగాడు. అతను జిమ్‌లో నడిచే పట్టా మీద గంటసేపు ఎక్కడికీ పోకుండా నడవడానికి నెలనెలా డబ్బు కడతాడు.

నాది దిల్‌సుఖ్‌నగర్‌లో మ్యాచింగ్ సెంటర్. మావాళ్లు పోచంపల్లి దిక్కు నేతవాళ్లు. మా నాన్న మగ్గం గుంటలోంచి లేచి పట్నం వచ్చి బట్టల కొట్లో కుదిరాడు, నేను కొట్టే పెట్టాను. జాకెట్టు ముక్కలు, ఫాల్స్, లైనింగ్ గుడ్డ అమ్ముతాను. ఆకుపచ్చలో ఎన్ని రకాలున్నాయో నాకు తెలిసినంతగా చెట్లకు కూడా తెలియదు. పొద్దుటి నుంచి రాత్రి దాకా ఎవరో ఒకరు చీర కొంగు పట్టుకొచ్చి, నేను తీసిన ముక్కను దాని పక్కన పెట్టి, ఇదే కావాలి కాని ఇది కాదు అంటారు. మనిషి అన్నవాడికి ఆ మాట ఎన్నిసార్లు వినే ఓపిక ఉంటుందో నాకు తెలియదు. నాకున్నది మాత్రం ఎప్పుడో అయిపోయింది. అట్టముక్క అలా అనదు. తగిలితే తగిలినట్టు, లేకపోతే లేనట్టు. నేను తుపాకులు కొనడానికి ఇంతకంటే పెద్ద కారణం లేదు.

మూడు కొన్నాను. రెండు జుమ్మేరాత్ బజార్‌లో పాత ఫ్యాన్ల మధ్య దొరికాయి. మూడోది ఒక ముసలాయన తన ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటుకు ఇస్తూ, సామాను తగ్గించుకోవడానికి ఇచ్చాడు. అన్నీ నా ఈడువి, కాస్త అటూ ఇటూ. ఒకదాని చెక్క మీద ఎవరో ఎప్పుడో మేకుతో గీసిన నెమలి బొమ్మ ఉంది. అది నెమలి అని నేను అనుకుంటాను, మా ఆవిడ కోడి అంటుంది.

మా ఇల్లు కర్మన్‌ఘాట్ లోపలి వీధిలో. పైన డాబా, డాబా మీద మెట్ల గది. ఆ గదిలోనే తుపాకులు ఉండేవి. డాబా చివర గోడకు ఆనించి ఇసుక సంచులు పేర్చాను, వాటి ముందు దుకాణంలో గుడ్డ చుట్టి వచ్చే పొడుగాటి అట్టలు నిలబెట్టేవాణ్ణి. మధ్యలో సుద్దముక్కతో చిన్న గుండ్రం. పిట్టల జోలికి ఎప్పుడూ పోలేదు. కోతులు వస్తే కొట్టమని పక్కింటివాళ్లు అడిగేవాళ్లు. కర్మన్‌ఘాట్‌లో హనుమంతుడి గుడికి ఇంత దగ్గరగా ఉండి నేను ఆ పని చేస్తానని వాళ్లు ఎట్లా అనుకున్నారో నాకు అర్థం కాదు. వాళ్లు చేయరు, నాతో చేయిద్దామని మాత్రం అనుకున్నారు.

పొద్దున్నే దుకాణానికి పోకముందు ఒక అరగంట. మొదటి మూడు పంపులు తేలికగా పడతాయి, ఏమీ జరగనట్టే ఉంటుంది. నాలుగో దాని నుంచి పిడి ఎదురు తిరగడం మొదలుపెడుతుంది. ఆరోది మొండికేస్తుంది. ఎనిమిదోది మూసేసరికి లోపల ఏదో గట్టి ప్రాణి కూర్చున్నట్టుంటుంది. అప్పుడు ఛర్రా పెట్టి, బోల్ట్ మూసి, చెంప చెక్కకు ఆనిస్తే పాత నూనె వాసన వస్తుంది. ఇంత కష్టం పడ్డాక ఆ ఒక్క ఛర్రాను ఎవరూ ఊరికే పారేసుకోరు. ఊపిరి బిగబట్టి, గుండ్రం కదలకుండా నిలిచేదాకా ఆగుతారు. ఫట్‌మని చిన్న చప్పుడు, అట్టలో చిల్లు. రోజు మొత్తంలో నేను అనుకున్న చోటికే పోయే పని అదొక్కటే. ఆ ఆనందం నాకు చాలా ఇష్టం, దాన్ని దాచుకోవాల్సిన అవసరం నాకు కనిపించలేదు.

ఈ తుపాకులకు ఒక పద్ధతి ఉంది. ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చేయకూడదు. దాచేటప్పుడు ఛర్రా లేకుండా రెండు పంపుల గాలి లోపల ఉంచాలి. ఆ గాలి లోపలి మూతను గట్టిగా అదిమి పట్టి ఉంచుతుంది. లేకపోతే మూత వదులై దుమ్ము చేరి, ఇక గాలి నిలవదు. పాత తుపాకి ఖాళీగా పడి ఉంటే చచ్చిపోయినట్టే అని వీటిని ఉంచుకునేవాళ్లు అంటారు. నేను రోజూ మూడింటినీ పేల్చి, కిందికి దిగే ముందు మళ్లీ రెండేసి పంపులు కొట్టి మూలన నిలబెట్టేవాణ్ణి. మా ఆవిడ బట్టలు ఆరేస్తూ అది చూసేది. ఏమీ అనేది కాదు. ఆమె దీపం పెట్టినప్పుడు నేను ఏమీ అననట్టే.

పోయిన ఎండాకాలం ముందు, నెమలి తుపాకి ఆరో పంపుకే మొరాయించింది. పిడి మూయలేక మధ్యలో ఆగి గోడకు ఆనుకున్నాను. లోపలి తోలు వాషర్ గట్టిపడి ఉంటుందనుకున్నాను. వాషర్ అంటే కిరోసిన్ స్టవ్ పంపులో ఉండేలాంటిదే, కాస్త పెద్దది. పాత తోలు చెప్పు కోసి కొత్తది చేసి ఆముదంలో నానబెట్టాను. వంటింట్లో ఆముదం గిన్నె చూసి, ఎవరికి పట్టించాలని మా ఆవిడ అడిగింది. వాషర్ మార్చాక కూడా ఆరో పంపు దగ్గర అదే కథ. తర్వాత రెండో తుపాకి కూడా బిగుసుకుంది. ఆ తర్వాత మూడోది. మూడింటికీ వాషర్లు మార్చాను. సాక్షాత్తు తయారుచేసినవాడు కూడా అంత శ్రద్ధగా చేసి ఉండడు. పంపు కొట్టేటప్పుడు చుక్క గాలి పోదు. అయినా ఐదో పంపుకే చెమట, దవడ కింద ఏదో లాగుడు. చెక్క పిడులు వానకు ఉబ్బాయేమో అని కూడా ఆలోచించాను. వాన పడి చాలా రోజులైంది.

మా ఆవిడ బట్టల బకెట్టు కింద పెట్టి నన్ను కాసేపు చూసింది.

"మూడు తుపాకులు ఒక్కతీరుగ, ఒకటేసారి ఖరాబైతయా?" అంది. "ఖరాబైంది తుపాకులు కాదు. అంగీ ఏసుకో, దవాఖానకు పోదాం."

మామూలుగా ఆమె నన్ను మీరు అంటుంది. నువ్వు అన్నదంటే ఎదురు చెప్పి లాభం లేదు.

ఎల్‌బీ నగర్ చౌరస్తా దాటి ఉన్న దవాఖానకు ఆటోలో పోయాం. డాక్టర్ కోస్తా మనిషి, మర్యాదగా మాట్లాడాడు. ఏం పని చేస్తుంటే ఆయాసం వస్తోందండీ అని అడిగాడు. తుపాకికి గాలి కొడుతుంటే అన్నాను. రాయడం ఆపి మా ఆవిడ వైపు చూశాడు. ఆమె తల ఊపింది. తర్వాత ఆయన గొట్టం ఎంత పొడుగు, ఛర్రా ఎంత దూరం పోతుంది అని చాలా సేపు అడిగి, ఆ తర్వాత నా గుండె సంగతి చూశాడు. రక్తనాళాలు మూడు మూసుకుపోయాయట. నాకు ఆ మూడు అన్న లెక్క విని కాస్త నవ్వొచ్చింది, మా ఆవిడకు రాలేదు. ఛాతీ కోసి ఆపరేషన్ చేయాలన్నాడు.

స్ట్రెచర్ మీద లోపలికి తోస్తున్నప్పుడు మా ఆవిడ పక్కన నడిచింది. తలుపు దగ్గర ఒక్క నిమిషం ఆపారు. ఆమె నా మొహం మీదికి వంగింది. అలాంటప్పుడు మనిషి ఏదో ఒకటి చెప్పాలి. ఆమె దానికోసమే వంగిందని నాకు తెలుసు. నాకు నిజంగా భయంగా ఉంది, భయంలో ఒక్క మాటే నోటికి వచ్చింది.

"తుపాకులల్ల రెండేసి పంపుల గాలి ఉండేటట్టు చూడు," అన్నాను.

ఆమె నన్నొక చూపు చూసింది. ఆ చూపు తర్వాత నాకు మత్తుమందు ఎందుకిచ్చారో తెలియదు.

బతికి ఇంటికొచ్చాను. ఛాతీ ఎముక అతుక్కునేదాకా తొయ్యడం, లాగడం, బరువులెత్తడం వద్దన్నారు. చిన్నగా నడవాలి, దగ్గొస్తే దిండు గుండెకు హత్తుకుని దగ్గాలి. పంపు తుపాకి సంగతి ఆరు నెలల తర్వాత చూద్దామని డాక్టర్ అన్నాడు. నాకు ఆ చూద్దాం అన్న మాట చాలు. కింది గదిలో మంచం మీద పడుకుని, పైన మూలన మూడు తుపాకులు నిలబడి ఉన్నాయని అనుకుంటే ధైర్యంగా ఉండేది. పొద్దున్నే దీపం పెట్టాక మా ఆవిడ పైకి పోయేది. కాసేపటికి టప్, టప్ అని చప్పుడు వినబడేది. పరదాలు దులుపుతోందనుకున్నాను. మా ఇంట్లో అన్ని పరదాలు లేవు, కాని మంచం మీదున్నవాడు అంత దూరం ఆలోచించడు.

నాకు మెట్లెక్కే సత్తువ వచ్చినప్పుడు ఆమె అడ్డం పడింది. తుపాకులు అమ్మేద్దామంది. నేను పంపు కొట్టనని, చూసి దిగుతానని చెప్పాను. అయినా అమ్మాల్సిందే అంది. ఎందుకని అడిగితే, "అవి ఇంట్ల ఉంటే నాతోని కాదు," అంది, అంతే. నేను మళ్లీ పంపు కొట్టి మళ్లీ పడతానని భయపడుతోందని అనుకున్నాను. భయం తీర్చడానికి నా వల్ల అయినన్ని ఒట్లు పెట్టాను. వాటికి ఆమె కరగలేదు. పెళ్లయి ముప్పై ఏళ్లు దాటింది, ఏ విషయంలోనూ ఇంత మొండిగా లేదు. నాకు కడుపు మండింది. ఛాతీ ఎట్లాగూ మండుతూనే ఉంది. నా జీవితంలో నాకోసం నేను చేసుకున్న పని అదొక్కటే, అది కూడా తీసేస్తే ఇక మిగిలేది ఆకుపచ్చ జాకెట్టు ముక్కలు. ఆ మాట అన్నాను కూడా. ఆమె వంటింట్లోకి పోయింది.

వారం తిరగకుండానే మా బామ్మర్ది ఒకాయన్ని వెంటబెట్టుకొచ్చాడు. బాలాపూర్ దిక్కు పాత భూముల ఆసామి, ఇప్పుడు ప్లాట్లు చేసి అమ్ముతున్నాడు. తెల్ల చొక్కా, చేతికి మందపాటి కడియం. కొత్తగా ఫామ్‌హౌస్ కట్టాడట. హాల్లో గోడకు పాత తుపాకులు పెడితే బాగుంటుందని ఎవరో చెప్పారట. అందరం డాబా మీదికి ఎక్కాం. నేను మెల్లగా, గోడ పట్టుకుని. చాలా రోజుల తర్వాత వాటిని చూశాను. దుమ్ము లేదు. ఒకదాని చెక్కకు ఏదో నూనె కూడా రాసి ఉంది, కొబ్బరినూనె వాసన వేసింది.

ఆసామి మంచివాడే. గోడకు పెట్టే తుపాకైనా పేలాలన్నాడు. ఇసుక సంచి వైపు పెట్టి పిడి లాగబోయాడు, అది రానన్నట్టు బిగుసుకుని వచ్చింది. బలవంతంగా రెండు పంపులు కొట్టాడు, మెడ నరాలు తేలాయి. ట్రిగ్గర్ నొక్కాడు. టిక్ మంది. అంతే. గాలీ లేదు, చప్పుడూ లేదు. రెండోది తీశాడు, అదీ టిక్ మంది. మూడోదీ అంతే.

నాకు ఏం జరిగిందో అర్థమైంది. పంపు తుపాకిలో మోతాదుకు మించి గాలి కూరితే లోపలి మూత ఆ ఒత్తిడికి బిగుసుకుపోతుంది. ట్రిగ్గర్ నొక్కితే సుత్తి వచ్చి కొట్టినా తెరుచుకోదు. చూసేవాడికి తుపాకి చెడిపోయినట్టుంటుంది, నిజానికి అది నిండుగా ఉంది. ఎట్లా నిండిందో మాత్రం నాకు తెలియలేదు. నేను నోరు మెదపలేదు. సరుకు బాగానే ఉందని కొనేవాడికి చెప్పడం వ్యాపారి ధర్మం. ఆ రోజు నేను వ్యాపారిగా డాబా ఎక్కలేదు. ఆయన వద్దంటే తుపాకులు ఇంట్లోనే ఉంటాయి.

ఆసామి తుపాకి గోడకు ఆనించి చేతులు దులుపుకున్నాడు.

"అన్నా, వీటిల పానం లేదు," అన్నాడు. "పోయినయి ఇవి."

మా ఆవిడ అప్పుడే చాయ్ పళ్లెంతో మెట్ల గది గుమ్మంలోకి వచ్చింది. ఆ మాట విని అక్కడే ఆగిపోయింది. కప్పులు గలగలలాడాయి.

"ఉన్నది," అంది. "పొద్దుగాలనే కొట్టిన. రోజు కొడుతున్న."

బామ్మర్ది అక్క చేతిలోంచి పళ్లెం తీసుకున్నాడు. నేను ఇక దాచి లాభం లేదని తుపాకులు చెడిపోలేదు, గాలి ఎక్కువై బిగుసుకున్నాయి అని ఆసామికి చెప్పాను. ఆయన ముగ్గురినీ ఒక్కొక్కరినే చూసి, చాయ్ తాగి, బాగయ్యాక చెప్పండన్నా మళ్లొస్తా అని మర్యాదగా దిగిపోయాడు. బామ్మర్ది ఆయన వెనకే పోయాడు. పోతూ పోతూ నా వైపు చూసి, మతి సంగతి మళ్లీ అడుగుదామనుకుని మానేసినట్టున్నాడు.

ఇద్దరం మిగిలాం. ఆమె బోర్లించిన బకెట్టు మీద కూర్చుంది. రెండు పంపులు ఉండేటట్టు చూడమన్నాను గాని రోజూ రెండు కొట్టమనలేదు కదా అని అడిగాను. లోపల ఉన్నదో పోయిందో బయటికి కనబడదు కదా, మరి ఎట్ల తెలుస్తుందని ఆమె అడిగింది. అందుకే నేను ఆపరేషన్‌కు పోయిన రోజు నుంచి, దీపం పెట్టగానే పైకొచ్చి మూడింటికీ రెండేసి కొట్టిందట. దవాఖానలో ఉన్నన్నాళ్లూ పొద్దున్నే ఇంటికొచ్చి కొట్టి మళ్లీ వచ్చేదట. బట్టలు మార్చుకోవడానికి పోతోందని నేను అనుకున్నాను. పాత తుపాకులు రోజుకింత గాలి వదిలినా, మిగిలింది కొంచెం కొంచెంగా పేరుకుంటూ వచ్చింది. ఈ నెల నుంచి పిడి గట్టిపడిపోయింది, మోకాలు కింద పెట్టి నొక్కుతున్నానని చెప్పి అరచేతులు చూపించింది. వేళ్ల మొదట్లో కాయలు కాశాయి. ఇంటికొచ్చాక కూడా ఎందుకు ఆపలేదని అడిగాను.

ఆమె అరచేతులు ముడుచుకుంది.

"ఆఖరి మాట చెప్పినట్టు చెప్పినవ్ గది," అంది. "వాటిల గాలి పోతే నువ్వు పోతవనిపించింది. నువ్వొచ్చినంక ఆపుదామనుకున్న. ధైర్యం చాలలే. ఒక్క పొద్దు మరిచిపోతే ఎట్ల అని రాత్రి నిద్ర పడతలేదు. అందుకే ఇంట్లకెల్లి పంపిద్దామన్న."

నేను తుపాకి చెక్క మీద బొమ్మ చూస్తూ నిలబడ్డాను. నా తుపాకుల మీద ఆమెకు ప్రేమ లేదని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఇప్పుడూ లేదు. ఆమె మూడు పిడులతో ప్రతిరోజూ కుస్తీ పట్టింది నా కోసం, నేను కింద మంచం మీద పడుకుని ఆమెను తిట్టుకున్నాను. నాకు ఏడుపొచ్చింది. ఛాతీ నొప్పెడుతుందని సగంలో ఆపేశాను.

వీటిని ఖాళీ చేద్దాం అన్నాను. అన్నింటినీ, పూర్తిగా. రెండు పంపులు కూడా ఉంచొద్దు. ఖాళీగా పడి ఉంటే చెడిపోతాయి కదా అని ఆమె గుర్తు చేసింది. చెడిపోతే పోనీ అన్నాను. అది చెప్పడం నాకు తేలిక కాలేదు, కాని చెప్పాను.

బిగుసుకున్న తుపాకిని ఖాళీ చేయడానికి ఒకటే దారి. బోల్ట్ లాగడం, ట్రిగ్గర్ నొక్కడం, మళ్లీ లాగడం, మళ్లీ నొక్కడం. సుత్తి తగిలినప్పుడల్లా మూత సందులోంచి రవ్వంత గాలి పోతుంది. నేను లాగకూడదు కాబట్టి ఆమే లాగింది. తుపాకిని స్టూలు మీద పెట్టి ఇసుక సంచి వైపు తిప్పి, నేను ఊరికే పట్టుకున్నాను. ట్రిగ్గర్ కూడా నువ్వే నొక్కమన్నాను. నొక్కనంది. నేను నొక్కితే ఆమె భయం పోదు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. చివరికి ఎడమచెయ్యి నా అంగీ గుండీల సందులోంచి, ఛాతీ మీది కుట్ల గుర్తు పక్కన పెట్టింది. కుడిచేత్తో నొక్కింది.

టిక్. సన్నగా స్‌స్ అంది. ఆమె చెయ్యి బిగుసుకుంది. నేను ఊపిరి తీసి చూపించాను. ఇంకోసారి. ఇంకోసారి. పక్కింటామె వాళ్ల డాబా మీద మిరపకాయలు ఎండబోస్తూ మమ్మల్ని చూసి, చూడనట్టు అటు తిరిగింది. ఎంతోసేపటికి ఫట్‌మని ఒక్క చప్పుడొచ్చి మొదటిది ఖాళీ అయింది. ఆమె ఉలిక్కిపడింది గాని చెయ్యి తియ్యలేదు. రెండోది, మూడోది కూడా అట్లాగే అయ్యాయి. ఎండ ఎక్కింది. మూడు తుపాకులూ ఉత్త కర్రల్లా పడి ఉన్నాయి, పిడులు వేలితో కదిపినా కదులుతున్నాయి.

ఇక బాలాపూర్ ఆయనకు ఫోన్ చేసుకో అన్నాను. నిజంగానే అన్నాను.

"ఎందుకు? గాలి లేనియి ఇంట్ల ఉంటే నాకేం భయం," అంది.

మందుల టైమైందని, కిందికి దిగుదామని లేవబోయాను. ఆమె కుడిచేత్తో నా భుజం పట్టి కూర్చోబెట్టింది. ఎడమచెయ్యి అంగీ లోపలే ఉంది.

"జర ఆగు," అంది. "ఇంకా కొట్టుకుంటున్నది."